ఆకు తెచ్చినవాళ్ళ చదువు

(వృక్షశాస్త్రం మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాస్టారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు నిర్వాహకులు విషయం కూడా వాళ్ళే ఇచ్చారు: ‘జీవవైవిధ్య పరిరక్షణలో ప్రజల భాగస్వామ్యం’. ఈ మాట ఆయన ముందు అని ఉంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఇంతకీ ఏ మొక్క గురించి నాయనా?” అనేవారు. అందుకని విషయాన్ని నేల మీదికి దించుకున్నాను. మన గట్ల మీద, బీళ్ళలో మొలిచే మొక్కలూ, మన కొండల్లో తప్ప ఇంకెక్కడా లేని మొక్కలూ మామూలు జనానికి ఎలా తెలుస్తున్నాయి? తెలిసింది ఎందుకు పోతోంది? ఇంతవరకే నా మాట.

వినాయక చవితి ముందురోజు మాస్టారు బజారులో ఒక పత్రి కట్ట కొనుక్కొచ్చి క్లాసులో బల్ల మీద పెట్టేవారు. “విప్పండి. ఇరవై ఒకటి ఉన్నాయో లేదో చూడండి” అనేవారు. ఎప్పుడూ ఉండేవి కావు. మామిడి కొమ్మలు, రేగు, జిల్లేడు, గరిక, ఉమ్మెత్త, దానిమ్మ అని చెప్పి ఇంకేవో నాలుగు ఆకులు. పైన ఒక మారేడు కాయ కట్టి ఉండేది, బరువు కోసమో అందం కోసమో తెలియదు. మాచిపత్రి ఉండేది కాదు. వాకుడు ఉండేది కాదు, ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి కోసేవాడు దాని జోలికి పోడు. విష్ణుక్రాంత అసలే ఉండదు. నేలను అంటుకుని పాకే ఆ నీలి పువ్వు మొక్కను వెతకాలంటే బీడు భూమిలో వంగి నడవాలి. కట్టకు వచ్చే నాలుగు రూపాయల కోసం ఎవరు వంగుతారు?

అప్పుడు ఆయన ఆ ఇరవై ఒక్క పేర్లనూ బోర్డు మీద రాసి, పక్కన ఒక్కొక్కటీ ఎక్కడ దొరుకుతుందో మాచేత చెప్పించేవారు. తెల్లమద్ది ఏటి ఒడ్డున ఉంటుంది. వావిలి వాగు పక్కన పొదగా పెరుగుతుంది. జమ్మికి మెట్ట నేల కావాలి. ఉత్తరేణి కంచె మొదట్లో మొలుస్తుంది, పంచెకు అంటుకుని ఇంటికే వస్తుంది. రావి గుడి దగ్గర, తులసి, మరువం, జాజి పెరట్లో, గరిక పొలం గట్టున. జాబితా పూర్తయ్యేసరికి బోర్డు మీద ఊరి పటం తయారయ్యేది. ఏరు, వాగు, బీడు, మెట్ట, గట్టు, పెరడు అన్నీ తిరిగితే తప్ప పూజకు పత్రి నిండదు. పైగా అది భాద్రపదం. వానలకు మొలిచిన పచ్చి మొక్కలన్నీ గుర్తుపట్టేంత ఎదిగి ఉండే నెల. ఏడాదికొకసారి ఊళ్ళో ప్రతి పిల్లవాణ్ణీ ఊరి నేల అంతా తిప్పే ఏర్పాటు ఇది. ఎవరు ఆలోచించి పెట్టారో నాకు తెలియదు, ఇంతకన్నా మంచి సిలబస్ మాత్రం నేను చూడలేదు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మూడూ విషమే. కోసుకొచ్చిన పిల్లవాడితో “చేతులు కడుక్కోరా” అని అవ్వ అరవడం కూడా అందులో పాఠమే.

ఆ జాబితాలో తగాదాలూ ఉన్నాయి. గండకీ పత్రం అంటే ఏ మొక్కో ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెబుతుంది. దేవదారు హిమాలయాల్లో పెరిగే చెట్టు. మన పట్నాల్లో దాని పేరు మీద నరమామిడి ఆకు అమ్ముతారు, రోడ్ల పక్కన నిటారుగా పెంచి అశోకం అని పిలుచుకునే చెట్టు అది. మన తూర్పు కనుమల పల్లెల్లో దేవదారి అనే పొద ఒకటి వేరే ఉంది. వృక్షశాస్త్రంలో దానికి ఎరిత్రాక్సిలం మోనోగైనం అని పేరు. ఏది సరైనదని మేము వాదించుకుంటుంటే మాస్టారు తీర్పు చెప్పేవారు కాదు. “మీ ఊరికి పోయి, మీ తాత ఏది తెచ్చేవాడో అడిగి, ఆ కొమ్మ పట్టుకురండి” అనేవారు. పండగయ్యాక క్లాసుకు వచ్చేసరికి బల్ల మీద ఊరికో దేవదారు ఉండేది. తర్వాత రోజుల్లో పరిశోధనలో క్షేత్ర సర్వే అని పెద్ద పేరు పెట్టి నేర్చుకున్నది ఇదే.

పత్రి కొనుక్కోవడం మొదలైననాడే ఆ నడక ఆగిపోయింది. పూజ ఉంది, భక్తి ఉంది, మంత్రంలో ఇరవై ఒక్క పేర్లూ ఉన్నాయి. ఆకు తెచ్చే పని మాత్రం ఇంట్లోంచి బజారుకు పోయింది. మొక్కల జ్ఞానం పుస్తకాల్లో లేకపోవడం వల్ల పోవడంలేదు, పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి. నలుగురూ కలిసి వెళ్ళి, వెతికి, చేత్తో తుంచి తెచ్చుకోవలసిన సందర్భాలు ఒక్కొక్కటీ మూతబడుతున్నందుకు పోతోంది.

ఇదే సంగతి తెలంగాణలో బతుకమ్మ దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ. బతుకమ్మకు గునుగు లేనిదే కుదరదు. ఆ గునుగు ఎవరూ విత్తని మొక్క. జొన్న చేలో, కంది చేలో తనంతట తాను మొలిచి, పైరు కోతకు వచ్చే ముందు తెల్లగా పూసేది. ఇప్పుడు పత్తిలో, మొక్కజొన్నలో కలుపు మందు కొడుతున్నారు. కలుపు కూలీ దొరకని రైతును తప్పుపట్టలేం. కానీ మందు కొట్టిన చేలో గునుగు ఉండదు. పట్నంలో దాన్ని కట్టలు కట్టి, రంగులద్ది అమ్ముతున్నారు. పండుగ ఏటేటా పెద్దదవుతున్నది, పువ్వుకు చోటు తగ్గుతున్నది. ఇక్కడ నేనేదో పాతకాలాన్ని తలుచుకుని నిట్టూర్చడానికి రాలేదు. ఆడవాళ్ళు ఇప్పటికీ ఏ గుట్ట మీద తంగేడు విరగబూసిందో ఒకరికొకరు చెప్పుకుని మరీ వెళ్తున్న ఊళ్ళు ఉన్నాయి. అలాంటి ఊళ్ళో ఆ గుట్టను ప్లాట్లుగా కోయబోతే ముందు అడ్డం పడేది వాళ్ళే. ఏ పర్యావరణ దినోత్సవ ఉపన్యాసమూ ఇవ్వలేని బలం అది.

జహీరాబాద్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మీకందరికీ తెలిసిందే. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్ 2023లో మనకు దూరమయ్యారు. ఆ సొసైటీకి చెందిన ఊరి సంఘాల్లోని ఆడవాళ్ళలో ఎక్కువమంది దళితులు, చిన్న కమతాలవాళ్ళు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లను అలంకరించి, బండ్ల మీద పాత పంటల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు, నెల రోజులపాటు. పాత పంటల జాతర అంటారు. ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్ళకు వచ్చింది.

జొన్నలు, కొర్రలు అందరికీ తెలిసిన కథే. నేను ఎత్తదలచింది కూరాకుల కథ. ఆ చేలల్లో విత్తకుండా, నీళ్ళు పెట్టకుండా దొరికే ఆకుకూరలు పదుల రకాలు. జొన్నచెంచలి, ఎర్ర దొగ్గలి, సన్నవాయిలి, తుమ్మి, పొనగంటి, ఎలుకచెవి, లేత గునుగు. వ్యవసాయ పాఠ్యపుస్తకం తీస్తే వీటిలో చాలా పేర్లు కలుపు అధ్యాయంలో కనిపిస్తాయి. ఆ ఆడవాళ్ళు వాటిని కలుపులో కలిపి చూడరు. పైరుకు అడ్డం రానంతవరకు ఉండనిస్తారు, కూరకు సరిపడా గిల్లుకుంటారు, మిగిలింది పశువుకు వేస్తారు. ఏది ముదిరితే చేదు, దేన్ని రెండు నీళ్ళలో ఉడికించాలి, బాలింతకు ఏది పెట్టకూడదు, ఇవన్నీ పొయ్యి దగ్గర తేలే సంగతులు. ఆ కూరలు ఆకలి కాలానికి ఆసరా కూడా. నిల్వ గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో చేను ఉచితంగా పెట్టేది ఈ కూరే. వాళ్ళ సమావేశాల్లో కూరలు వండి వడ్డించడం కూడా కార్యక్రమంలో భాగమే. మన సభల్లో బిస్కెట్ పొట్లం ఇస్తాం. ఈ ఒక్క తేడా మీద వేరే ఉపన్యాసం ఇవ్వొచ్చు.

తుమ్మికూర గురించి ఒక మాట. తెలంగాణలో చాలా ఇళ్ళలో వినాయక చవితినాడు తుమ్మికూర వండాలి. ఆరోజు వండకపోతే ఏడాదంతా ఆ మొక్కను ఎవరూ పలకరించరు. ఒక్క పూట ఆచారం ఆ మొక్కను ఇంటిల్లిపాదికీ గుర్తుంచుతోంది.

విశాఖ మన్యంలో కొత్త పండగలని ఉన్నాయి. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. ఊరంతా కలిసి ఆ పండగ చేసుకునేదాకా ఆ ఏటి కాయను, గింజను ఎవరూ నోట పెట్టరు. మామిడి కొత్త కాకముందే కాయ కోస్తే ఊరి పెద్దలు మందలిస్తారు. మనబోటివాళ్ళు దీన్ని నమ్మకం అని రాసుకుని ఊరుకున్నారు. కాయ ముదిరేదాకా ఆగడం, ముందెవరో వచ్చి చెట్టు దులుపుకుపోకుండా చూడడం, అందరికీ ఒకేరోజు హక్కు తెరవడం, ఈ మూడూ దాంట్లో ఉన్నాయి. 

ఇప్పుడు మన శేషాచలం. 2010లో దీన్ని జీవావరణ మండలంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం సంగతి పత్రికలు చెబుతూనే ఉంటాయి కాబట్టి నేను చెప్పను. దాని వెలుగులో, దాని కేసుల హడావుడిలో కనపడకుండా పోయినవి కొన్ని ఉన్నాయి. తంబజాలారి, దాని లాటిన్ పేరులో ఇప్పటికీ మన తెలుగు పేరు వినిపిస్తుంది. తెల్లకరక. కొండగుగ్గిలం, తిరుమల కొండల నుంచి 1961లో శాస్త్రలోకానికి కొత్తగా పరిచయమైన చెట్టు. మొగి, నేరేడు కుటుంబానిదే, ఎండాకాలం చివర కొండ కింద ఆడవాళ్ళు తట్టల్లో దాని పండ్లు తెచ్చి అమ్ముతారు. తిరుపతి పేరు పెట్టుకున్న అడవి కొత్తిమీర. పేరిత అనే సైకస్ బెడ్డోమి, ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో దాని పేరు ఉంది.

ఇక్కడికొచ్చేసరికి ఇంతవరకు నేను చెప్పిన మాట ఎదురు తిరుగుతుంది. వెళ్ళండి, వెతకండి, తుంచి తెచ్చుకోండి, అప్పుడే మొక్క తెలుస్తుంది అన్నాను. పేరితకు ఆ తెలియడమే ముప్పు. అందులో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ కోనును బలానికి మందు అని కోసి అమ్మారు. కోను పుప్పొడి రాల్చకముందే కోస్తే చుట్టుపక్కల ఆడ చెట్లన్నీ ఆ ఏడు వట్టిపోతాయి. చెట్టు బతికే ఉంటుంది, పచ్చగానూ ఉంటుంది, చూసినవాడు అంతా బాగుందనుకుంటాడు. పిల్ల మొక్కలు మాత్రం రావు. కొండగుగ్గిలానికి బంక కోసం గాటు మీద గాటు పెడితే మాను నీరసిస్తుంది.

నన్నారి షర్బత్ మన రాయలసీమ ఎండలకు అమృతం, నేనూ తాగుతాను. కానీ ఆ సువాసన చాలావరకు సుగంధిపాల తీగది అనుకుంటాం. మన దగ్గర షర్బత్‌కు ఎక్కువగా వాడేది మారేడు గడ్డలు, శాస్త్రంలో డెకాలెపిస్ హామిల్టోని. రాళ్ళ సందుల్లో పాకే తీగ అది. వాసన ఉన్నది వేరులోనే, వేరు కావాలంటే మొక్కను తవ్వాల్సిందే. పండును తింటే గింజ మిగులుతుంది, వేరును తింటే ఏం మిగులుతుంది? తవ్వేవాళ్ళను దొంగలనడం సులువు. కొండమీద రోజంతా తవ్వినవాడికి దక్కేదెంత, సీసా మీద ముద్ర వేసి అమ్మినవాడికి దక్కేదెంత అన్న లెక్క కూడా అడిగితే బాగుంటుంది. మాస్టారు ఈ లెక్క అడిగేవారు, అందుకే ఆయనకు షర్బత్ కొట్లవాళ్ళతో పెద్దగా పొసగలేదు.

మరి అరుదైన మొక్కను జనానికి చెప్పాలా, దాచాలా? కొందరు శాస్త్రజ్ఞులు దాచాలంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఎవరికీ తెలియని మొక్కను ఎవరు కాపాడతారు? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు బుల్‌డోజర్ డ్రైవరుకు అది కూడా కంపే. నా ఉద్దేశం, ఊరికి మొక్క తెలియాలి, లోకానికి చోటు తెలియకూడదు. కొండ కింద ఉండే నాలుగు పల్లెలవాళ్ళకు పేరిత ఎక్కడుందో, ఎప్పుడు కోను వేస్తుందో తెలిసి ఉండాలి. ఫోన్లో ఫొటో తీసి ఉన్నచోటుతో సహా నలుగురికీ పంపడం మాత్రం చేటు. ఐనాచురలిస్ట్ లాంటి వేదికలు ముప్పున్న జాతులు దొరికిన చోటును వాటంతట అవే మసకబారుస్తాయి. మన వాట్సాప్ గుంపులకు ఆ మర్యాద తెలియదు.

ఇలాంటి మొక్కలకు తుంచే పాఠం పనికిరాదు, తిరిగి తిరిగి వెళ్ళి చూసే పాఠం కావాలి. అదే చెట్టు దగ్గరికి ఏడాది పొడుగునా వెళ్ళి ఎప్పుడు చిగురించింది, పూసింది, కాయ ఎవరు తిన్నారు, కింద మొలకలు ఉన్నాయా అని రాసుకోవడం. మొగి లాంటివాటికి ఇంకో దారి కూడా ఉంది. నేరేడు జాతి గింజలు ఎండిపోతే మొలవవు. పండు తిన్న వెంటనే నాటాలి. కాబట్టి తట్టలో పండ్లు అమ్మే ఆవిడ దగ్గరే పండ్లు కొని, బడి పిల్లలకు పెట్టి, గింజలు అదే రోజు సంచుల్లో పెట్టిస్తే నర్సరీ మొదలైనట్టే. ఆమె బేరమూ పోదు, పిల్లలకు రుచీ తెలుస్తుంది. చేతిపనివాళ్ళు ఈ దారి ముందే పట్టారు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర కావాలి, కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కావాలి. అడవిలో అవి తగ్గేసరికి మొక్కలు నాటే ఆలోచన వచ్చింది. బొమ్మ బతకాలంటే చెట్టు బతకాలని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక రిజిస్టర్ల మాట. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. మాధవ్ గాడ్గిల్ వంటివారు చట్టం రాకముందే మొదలుపెట్టిన ఆలోచన ఇది. చాలా ఏళ్ళు నత్తనడక నడిచింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2020 జనవరి 31లోగా పూర్తిచేయకపోతే ఒక్కో రాష్ట్రానికి నెలకు 10 లక్షల రూపాయల జరిమానా అన్నది. ఇక చూడండి, రిజిస్టర్లే రిజిస్టర్లు. నేను చూసిన రెండు ఊళ్ళ రిజిస్టర్లలో, ఒకటి ఏటి ఒడ్డు ఊరు, ఒకటి గుట్ట మీది ఊరు, మొక్కల పేజీలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. అచ్చుతప్పు కూడా అదే చోట. రాసినవాళ్ళను నిందించి లాభం లేదు. గడువు పెట్టినవాళ్ళకు కావలసింది పుస్తకం, నడక కాదు.

అయినా ఆ చట్టాన్ని నేను తీసిపారేయను. అమరచింతలో వేపాకు కోసి జపాన్‌కు ఎగుమతి చేసినప్పుడు, వచ్చిన రాయల్టీలో ఊరి కమిటీకి వాటా వెళ్ళింది. డబ్బు పెద్దది కాదు. ఊరి చెట్టు ఆకుకు ఊరికి వాటా ఉందని కాగితం మీద ఒప్పుకోవడం, అదీ మన తెలుగు నేల మీద జరగడం పెద్ద సంగతి. కాబట్టి రిజిస్టర్ చింపొద్దు, దాన్ని మళ్ళీ రాయాలి.

రాసేటప్పుడు ఒక పాత లోటు కూడా తీర్చాలి. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కలను పరిశీలించాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల సంపుటాలు మూడు, వాటిలో 300 చిత్రాలు. మొక్కల తెలుగు పేర్లు శ్రద్ధగా రాశాడు, అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. ఆ పేర్లు చెప్పిన మన వైద్యులు, పసులకాపరులు ఎవరు? ఆ బొమ్మలు గీసిన మన చిత్రకారులు ఎవరు? పుస్తకం మీద ఒక్కడి పేరే మిగిలింది. ఇవాళ మన విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాల్లో కూడా ‘స్థానిక యానాది సమాచారదాత’ అని ఒక ముక్కతో సరిపెడుతున్నారు. మాస్టారు తన దగ్గర పనిచేసినవాళ్ళచేత, చెప్పినవాళ్ళ అనుమతి తీసుకుని, వాళ్ళ పేర్లు పూర్తిగా రాయించేవారు.

ఈ స్మారక కమిటీకి నా విన్నపం ఇది. వచ్చే చవితికి ముందు, కొండ కింద పంచాయతీల్లో ఒకటి ఎంచుకుని, బడి పిల్లలను, వాళ్ళ అవ్వలను, పంచాయతీ కార్యదర్శిని కలిపి ఏటి ఒడ్డు నుంచి గుట్ట దాకా నడిపించండి. ఇరవై ఒక్క పత్రిలో ఏది ఎక్కడుందో, ఏది లేదో ఆ నడకలోనే రిజిస్టర్‌లో రాయించండి. అరుదైనవి కనిపిస్తే పేరు రాయండి, చోటు రాయొద్దు, ఆ పేజీ ఊరి కమిటీ దగ్గరే ఉండనివ్వండి. ముందు నడిచి దారి చూపించే యానాది పెద్దలకు డబ్బు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు కూలీల పద్దులో రాయకండి, ఇవాళ నాకు ఏ పద్దు కింద కవరు ఇస్తున్నారో ఆ పద్దులోనే, ఉపన్యాసకుల గౌరవ వేతనం అని రాయండి. మొదటి నడక ఖర్చుకు నా కవరు ఇక్కడే, అధ్యక్షులవారి బల్ల మీద పెట్టి వెళ్తున్నాను.